చర్చి రద్దు చేసిన పెళ్లి చట్టం ముందు నిలిచి ఉంటే?

పాలకొల్లు విశ్వాసి:
దేవుడు జతపరచినవారిని మనుష్యులు వేరుపరచకూడదని మత్తయి సువార్త 19వ అధ్యాయంలో ఉంది కదా. మరి పిల్లలు పుట్టాక కూడా ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) వారు ఆ పెళ్లి చెల్లదని ఎలా తీర్పు ఇస్తారు? ఇది దొడ్డిదారి విడాకులే.

అమలాపురం ఆడపడుచు:
కాదండీ. విడాకులు జరిగిన పెళ్లిని తెంచుతాయి. మేత్రాసన న్యాయస్థానం, అంటే బిషప్ గారి పరిధిలోని చర్చి కోర్టు, చూసేది పెళ్లినాటి సంగతి. బెదిరించి ఒప్పించారా? తీవ్రమైన మానసిక జబ్బును దాచి చేశారా? అలాంటివి రుజువైతే ఆ వివాహ సంస్కారం మొదటి నుంచీ లేనట్టే. పిల్లల హక్కులకు మాత్రం ఏ లోటూ రాదు, శ్రీసభ (కేథలిక్ చర్చి) చట్టం వారిని సక్రమ సంతానంగానే చూస్తుంది.

నా బాధ వేరే. మా పెదనాన్నగారి మనవరాలికి ఆ తీర్పు కాగితం రాగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మంచి సంబంధం కుదిరింది. గుడిలో పెళ్లి ప్రకటనలు చదివించే ముందు తెలిసిన వకీలు గారొకరు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "చట్టం ముందు అమ్మాయి ఇంకా అతని భార్యేనమ్మా, ఇప్పుడు పెళ్లి చేస్తే కేసవుతుంది" అన్నారు. చర్చి తీర్పుకు చట్టపరమైన విలువ లేదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది, 2017లో మళ్లీ చెప్పింది. ఆ మాట అర్జీ తీసుకున్న రోజున మాకు ఎవరూ చెప్పలేదు!

రాజమండ్రి లూథరన్:
పెళ్లి లౌకిక వ్యవహారమని మా సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 16వ శతాబ్దంలోనే అన్నారు. కోర్టు ఉండగా సభకు మరో న్యాయస్థానం ఎందుకమ్మా?

అమలాపురం ఆడపడుచు:
అక్కడ మీతో ఏకీభవించలేనండీ. కోర్టు విడాకులు ఇచ్చినా, ఆమె మళ్లీ గుడిలో పెళ్లి చేసుకుని సత్ప్రసాదం (ప్రభు భోజనం) తీసుకోవచ్చా అన్నదానికి జడ్జిగారు జవాబు చెప్పలేరు. మా పిల్లకు అది చిన్న విషయం కాదు. పోప్ ఫ్రాన్సిస్ 2015లో, పెళ్లి చెల్లదన్న తీర్పును మరో చర్చి కోర్టు కూడా ఖాయం చేయాలన్న నిబంధన తీసేశారు, వీలైనంత వరకు ఖర్చు లేకుండా చూడమన్నారు. సభ తన పని తాను చేయాలి. కానీ అర్జీ అందిన రోజే విచారణ గురువులు (ఊరి గుడి ఫాదర్లు) కోర్టు సంగతి కూడా విడమరచి చెప్పాలి. పరస్పర అంగీకారంతో విడాకులకు క్రైస్తవుల విడాకుల చట్టంలో 2001లో చేసిన సవరణ వీలు కల్పించినా, మొదటి భర్త ఇప్పుడు సంతకం పెట్టనంటున్నాడు. అమ్మాయి వాయిదాలకు తిరుగుతోంది. కుదిరిన సంబంధం వారు ఎన్నాళ్లు ఆగుతారు?