కారు వెనక స్పీకర్లు మార్చాలి, సలహా చెప్పండి

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చి నాలుగు నెలలయింది. 2009 టొయోటా కామ్రీ పాతది కొనుక్కున్నాను. వెనక అద్దం కింద ఉన్న రెండు స్పీకర్లలో కుడివైపుది గరగరమంటోంది. వీణో, వేణువో అయితే ఇబ్బంది లేదు. మృదంగం అందుకోగానే చిరిగిన కాగితం మీద ఊదినట్టు వస్తోంది. రెండూ మార్చేసి కాస్త మంచివి పెట్టుకోవాలని ఉంది. ఏవి కొనమంటారు?

మిల్పిటస్ నుంచి:
తమ్ముడూ, కొనే సంగతి తరవాత. ముందు చెడింది స్పీకరో కాదో తేల్చుకో. స్టీరియోలో శబ్దాన్ని పూర్తిగా వెనక్కి, కుడివైపుకి తిప్పు. స్పీకరు ఉన్న ప్లాస్టిక్ పలకను అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకో. గరగర ఆగిందా, అదిరేది పలకే, లోపల క్లిప్పు వదులైంది. ఆగకపోతే కోను, అంటే స్పీకరులో అదిరే గరాటు, దాని అంచు పోయినట్టే. నాది విప్పి చూస్తే మాడిన అప్పడంలా ఉంది, వేలు తగలగానే పొడిపొడిగా రాలింది. ఏళ్ల తరబడి అద్దం కింద ఎండలో ఉంటే ఇంకేం మిగులుతుంది!

నీ కారుకి కావలసింది 6×9 అంగుళాల కోలగా ఉండేది. డబ్బా మీద వందల వాట్లు చూసి మోసపోకు. కారుతో వచ్చిన స్టీరియో ఒక్కో స్పీకరుకి ఇచ్చేది నికరంగా 15, 20 వాట్లే. సెన్సిటివిటీ అని డెసిబెల్స్‌లో రాస్తారు, అది చూడు. 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకరు సగం పవరుతోనే అంత శబ్దమూ ఇస్తుంది. ఇంకో మాట, విడిగా ఆంప్లిఫయరు ఉన్న మోడల్ అయితే పాత స్పీకరు ఎన్ని ఓములదో (కరెంటుకి అది ఇచ్చే నిరోధం) తెలుసుకోకుండా కొనకు.

శాన్ హోసే నుంచి:
నా మాట వినండి, వెనకవాటి మీద డబ్బు పోయకండి. కచేరీకి వెళ్లి ఎవరైనా వేదికకు వీపు పెట్టి కూర్చుంటారా? గాయకుడి గొంతు ఎదుటి నుంచి రావాలి. ముందు తలుపుల్లో మంచివి వేయించుకుని, వెనకవి అలాగే వదిలేయండి.

మిల్పిటస్ నుంచి:
చిరిగినవాటిని ఎలా వదిలేస్తారండీ? ఆయన అడిగింది వెనకవాటి గురించి. మా ఇంట్లో వెనక సీట్లో కూర్చునేది మా అమ్మగారు. ఘంటసాల పద్యం ఆవిడకి వినపడకపోతే నా ముందు తలుపులు ఎంత గొప్పవైతే ఏం లాభం?

సన్నీవేల్ నుంచి:
స్పీకర్ల కంటే ముఖ్యమైన విషయం ఒకటి చెప్పాలి. ఎక్కడ విప్పుతున్నారు? అపార్టుమెంటు పార్కింగులో మాత్రం వద్దు. 2014లో నేను చేసిన పని అదే. శనివారం పొద్దున వెనక సీటు ఊడదీసి పక్కన నేల మీద పెట్టాను. పలక తీశాను, వైర్లు వేలాడుతున్నాయి. మేనేజరు వచ్చి ఫొటోలు తీసుకుని, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లిపోయింది. సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తే తలుపుకి కాగితం అంటించి ఉంది. ఆవరణలో వాహనాల మరమ్మతు లీజుకి విరుద్ధమట, మూడు రోజుల్లో సరిదిద్దుకోవాలి, లేదా ఖాళీ చేయాలట. స్పీకర్లు ఆదివారమే బిగించేశాను, ఇంక సరిదిద్దడానికి ఏముంది? మా ఆవిడకి ఏడో నెల. వీసాకి ఏమైనా అవుతుందేమోనని ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు. మర్నాడు మేనేజరుకి కారు చూపించి, పని అయిపోయిందని ఉత్తరం రాసి, ఆ ఉత్తరం అందినట్టు సంతకం తీసుకున్నాకే ఊపిరి పీల్చుకున్నాను. లీజు ఇరవై పేజీలైనా సరే, వాహనాల గురించి రాసిన పేజీ చదవండి. నోటీసు వస్తే శని ఆదివారాలు కూడా లెక్కే, మూడు రోజులంటే మూడే.

శాన్ హోసే నుంచి:
అది అప్పటి మాట. 2019 సెప్టెంబరు 1 నుంచి కాలిఫోర్నియాలో ఆ మూడు రోజుల లెక్కలోకి శని ఆదివారాలు, కోర్టు సెలవులు రావు. కొత్తగా వచ్చినవాళ్లను పాత లెక్కతో భయపెట్టకండి.

సన్నీవేల్ నుంచి:
మారితే సంతోషమే. తలుపు మీద ఆ కాగితం చూసిన భయం మాత్రం మారదు. శబ్దం సంగతి కూడా చెబుతాను. ఈ రాష్ట్రంలో రోడ్డు మీద కారులోని పాట 50 అడుగుల దూరానికి వినపడితే పోలీసులు టికెట్ రాయవచ్చు.

ఫ్రీమాంట్ నుంచి (అడిగినవాణ్ణి):
అందరికీ కృతజ్ఞతలు. అరచేత్తో అదిమి చూశాను, గరగర ఆగలేదు. మాదీ అపార్టుమెంటే. లీజు తీసి చూస్తే ఆ షరతు ఉంది.

మిల్పిటస్ నుంచి:
ఆదివారం పదింటికి మా గరాజ్‌కి వచ్చెయ్, తమ్ముడూ. ముందు కారు బ్యాటరీ నెగటివ్ వైరు తీసి 90 సెకన్లు ఆగాలి. పలక రావాలంటే వెనక అద్దానికి రెండు పక్కలా ఉన్న స్తంభాల తొడుగులు ఊడదీయాలి, అక్కడ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి, అందుకే ఆ జాగ్రత్త. పాత వైరు కోయవద్దు, మీ కారుకి సరిపోయే ప్లగ్గు అడాప్టరు కొనుక్కో. ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారైతే రెండు స్పీకర్లూ ఒకదాని శబ్దాన్ని ఒకటి కొట్టేసుకుని మృదంగంలో ఎడమ చేతి నాదం మాయమవుతుంది. గుర్తు సరిగా లేకపోతే 1.5 వోల్టుల బ్యాటరీ ఒక్క క్షణం తగిలిస్తాం. కోను బయటికి వస్తే, బ్యాటరీ ప్లస్ తగిలించిన వైపే స్పీకరుకీ ప్లస్.

ఫ్రీమాంట్ నుంచి:
తప్పకుండా వస్తానన్నా. బోల్టులు విప్పే సాకెట్లు ఏమైనా తీసుకురానా?

మిల్పిటస్ నుంచి:
నా దగ్గర ఉన్నాయి. ఒక పాత దుప్పటి తెచ్చుకో, సీటు కింద పరుద్దాం.