లాడ్జి బుకింగ్ సర్వర్ బయట తెరుచుకుంటోంది, లోపల తెరుచుకోవడం లేదు: హెయిర్‌పిన్ నాటా, స్ప్లిట్ డీఎన్‌ఎస్సా?

అలిపిరి డెస్క్:
తిరుపతిలో అలిపిరి దగ్గర మా లాడ్జి. రూముల బుకింగ్ వెబ్ సర్వర్ లోపలే 192.168.10.20లో ఉంది. ఫైర్‌వాల్‌లో 443 పోర్టు (హెచ్‌టీటీపీఎస్ వెబ్‌సైట్లది) ఈ సర్వర్‌కు ఫార్వర్డ్ చేశాం. మొబైల్ డేటాలో భక్తులకు సైట్ బాగానే వస్తోంది. రిసెప్షన్ సిస్టమ్‌లో అదే పేరు కొడితే టైమవుట్. లోపలి ఐపీ కొడితే సర్టిఫికెట్ హెచ్చరికతో వస్తోంది. గెస్ట్ వైఫై కూడా అదే స్విచ్ మీద ఉంది. బ్రహ్మోత్సవాల రద్దీ మొదలయ్యేలోపు సరిచేయాలి.

రేణిగుంట నెట్:
హెయిర్‌పిన్ నాటే అన్నా, అంటే లోపలి నుంచి పబ్లిక్ ఐపీకి వెళ్లే ట్రాఫిక్‌ను ఫైర్‌వాల్ మళ్లీ లోపలికే తిప్పడం. ముందు సర్వర్‌లో టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లను చూపే టూల్) పెట్టి చూడు. రిసెప్షన్ నుంచి సిన్ (కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్) రాకపోతే ఫార్వర్డ్ రూలు వాన్ (ఇంటర్నెట్) వైపే పనిచేస్తోందని అర్థం. వస్తుంటే చిక్కు జవాబులో ఉంది. రెండూ ఒకే సబ్‌నెట్ (ఒకే ఐపీ శ్రేణి) కాబట్టి సిన్-యాక్ (సిన్‌కు జవాబు) ఫైర్‌వాల్‌కు పోకుండా నేరుగా రిసెప్షన్‌కు పోతుంది. అది పిలిచింది పబ్లిక్ ఐపీని, పలికింది 192.168.10.20. అందుకే పారేస్తుంది. లోపలి నుంచి వచ్చేవాటికి సోర్స్ నాట్ (పంపినవాళ్ల ఐపీ బదులు ఫైర్‌వాల్ ఐపీ వేయడం) కూడా పెట్టు, సరిపోతుంది.

చిత్తూరు అడ్మిన్:
అప్పుడు లోపలివాళ్లంతా సర్వర్ లాగ్‌లో ఫైర్‌వాల్ ఐపీగానే కనిపిస్తారు. గెస్ట్ వైఫైలో ఎవరైనా లాగిన్ పేజీ మీద పాస్‌వర్డ్‌లు వరసగా కొడుతుంటే ఎవరని పట్టుకుంటారు? లోపలి డీఎన్‌ఎస్‌లో (సైట్ పేరుకు ఐపీ చెప్పే సర్వర్‌లో) ఆ పేరుకు 192.168.10.20 ఇవ్వండి, అదే స్ప్లిట్ డీఎన్‌ఎస్. సర్టిఫికెట్ గొడవా ఉండదు.

రేణిగుంట నెట్:
బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్‌ఎస్ (బయటి డీఎన్‌ఎస్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి అడిగే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే మీ డీఎన్‌ఎస్‌ను అది అడగకపోవచ్చు సార్. గెస్టుల ఫోన్లు మన చేతిలో లేవు కదా.

తిరుచానూరు సెక్యూరిటీ:
మీ ఇద్దరి వాదనా పేజీ తెరిపించడం గురించే. భక్తుల ఫోన్ నంబర్లు, గుర్తింపు కార్డుల వివరాలు ఉండే సర్వర్ గెస్ట్ వైఫైతో ఒకే లాన్‌లో (లోపలి నెట్‌వర్క్‌లో) ఉండటం నాకు అసలు మింగుడుపడటం లేదు. ఒకే సబ్‌నెట్‌లో ట్రాఫిక్ స్విచ్ మీదే అయిపోతుంది, ఫైర్‌వాల్ దాకా రాదు. మీరెన్ని రూల్స్ రాసినా గెస్ట్ ఫోన్ నుంచి సర్వర్ 22 (రిమోట్ లాగిన్), 3306 (మైఎస్‌క్యూఎల్ డేటాబేస్) పోర్టులను తట్టొచ్చు. సర్వర్‌ను డీఎంజెడ్‌లోకి, అంటే లాన్ నుంచి విడదీసిన వేరే సబ్‌నెట్‌కు మార్చండి. జవాబు ఫైర్‌వాల్ మీదుగానే తిరిగిపోతుంది, సోర్స్ నాట్ అక్కర్లేదు, లాగ్‌లో అసలు ఐపీలే పడతాయి. ఫార్వర్డ్ రూలు మాత్రం లాన్ వైపు నుంచి కూడా వర్తించాలి. గెస్టులకు 443 ఒక్కటే వదలండి.

అలిపిరి డెస్క్:
మాది మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగ్‌లు మార్చుకోగలిగేది) కాదు సార్, వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌ను వేర్వేరు నెట్‌వర్క్‌లుగా విడదీయడం) రావు.

తిరుచానూరు సెక్యూరిటీ:
ఫైర్‌వాల్‌లో ఖాళీ పోర్టు ఉంటే సర్వర్ కేబుల్ నేరుగా దానికే పెట్టండి. సర్వర్ గేట్‌వే (బయటికి పోయే దారి) ఆ పోర్టు ఐపీకి మార్చడం మరవొద్దు.

చిత్తూరు అడ్మిన్:
రద్దీ ముందు సర్వర్ ఐపీ మార్చడానికి నేనైతే ఒప్పుకోను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాత ఐపీ ఎక్కడెక్కడ రాసుందో ఎవరికి తెలుసు? ఖాళీ పోర్టు ఉంటే గెస్ట్ వైఫైనే అటు మార్చండి, రిసెప్షన్‌కు డీఎన్‌ఎస్ పెట్టండి. సర్వర్ సంగతి ఉత్సవాలయ్యాక.

తిరుచానూరు సెక్యూరిటీ:
వైఫై ఈ రాత్రే విడిపోతుందంటే నాకూ సమ్మతమే.