కింగ్ కౌంటీ కొత్త అమ్మకపు పన్ను: షెరీఫ్ శాఖకా, ఇతర సేవలకా?

నిర్వాహకులు: వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటెల్ నగరం ఉన్న కింగ్ కౌంటీ కౌన్సిల్ 2025 జులైలో 0.1 శాతం అదనపు అమ్మకపు పన్నును, అంటే వంద డాలర్ల కొనుగోలుకు పది సెంట్లను, ఆమోదించింది. ఈ పన్ను 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ రాబడిని నేర న్యాయ అవసరాలకే వాడాలన్నది రాష్ట్ర శాసనసభ పెట్టిన షరతు. దీన్ని ముందుగా షెరీఫ్ శాఖకు, అంటే కౌంటీ పోలీసు విభాగానికి ఇవ్వాలా, లేక కౌంటీ నడిపే ఇతర సేవలను కాపాడుకోవడానికి వాడాలా?

సమామిష్ నివాసి: షెరీఫ్ శాఖకే ఇవ్వాలని నా అభిప్రాయం. మా ఊరికి సొంత పోలీసు శాఖ లేదు, షెరీఫ్ శాఖతో ఉన్న ఒప్పందం మీదే మా భద్రత నడుస్తోంది. ఇంట్లో బంగారం ఉంటుందన్న అంచనాతో దొంగలు మన దక్షిణాసియా కుటుంబాల ఇళ్లను ఎంచుకుంటున్నారని ఈ ప్రాంతపు పోలీసులే హెచ్చరించారు. నేర నియంత్రణ పేరుతో పన్ను వేసి, ఆ డబ్బును సలహా కేంద్రాలకూ శిక్షణ కార్యక్రమాలకూ మళ్లిస్తే పన్ను కట్టేవారికి ఏం జవాబు చెబుతారు?

కెంట్ నుంచి: సమామిష్ నివాసి గారూ, మీ ఆందోళన న్యాయమైనదే కానీ లెక్క వేరు. మీ వీధిలో తిరిగే డెప్యూటీల, అంటే షెరీఫ్ శాఖ పోలీసుల ఖర్చును ఒప్పందం ప్రకారం మీ నగరమే భరిస్తుంది, కాబట్టి కౌంటీకి వచ్చే ఈ సొమ్ముతో మీకు ఒక్క డెప్యూటీ కూడా పెరగకపోవచ్చు. కౌంటీ సొంత ఖర్చుతో పోలీసు సేవ అందించేది ఏ నగర పరిధిలోకీ రాని స్కైవే, వైట్ సెంటర్, వాషాన్ వంటి ప్రాంతాలకు.

అసలు ఇబ్బందికి మూలం 2001లో ఓటర్లు ఆమోదించిన ఐ-747 అనే ప్రజా ప్రతిపాదనలో ఉంది. కొత్త నిర్మాణాలను మినహాయిస్తే, ఆస్తిపన్ను రాబడిని ఏడాదికి ఒక్క శాతానికి మించి పెంచరాదని ఆ చట్టం చెప్పింది. 2007లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేస్తే, శాసనసభ అదే నెలలో ప్రత్యేకంగా సమావేశమై మళ్లీ తెచ్చింది. జీతాలు, వైద్యం, ఇంధనం ఒక్క శాతం దగ్గర ఆగవు కదా! కౌంటీ సాధారణ ఖర్చుల నిధి అయిన జనరల్ ఫండ్‌లో సుమారు నాలుగింట మూడు వంతులు షెరీఫ్, ప్రాసిక్యూటర్, కోర్టులు, జైళ్లు, లాయరును పెట్టుకోలేని నిందితుల తరఫున వాదించే ప్రభుత్వ డిఫెండర్లకే పోతుంది. వీటిలో చాలావాటిని నడపడం కౌంటీకి చట్టరీత్యా తప్పనిసరి. అందువల్ల లోటు వచ్చిన ప్రతిసారీ కత్తెర మిగిలిన పావు వంతు మీద, అంటే ప్రజారోగ్య కేంద్రాలు, గృహహింస బాధితుల సహాయం వంటివాటి మీద పడుతుంది. బాధితుల సహాయాన్నీ, మానసిక సంక్షోభాల్లో స్పందించే బృందాలనూ ఈ పన్నుకు వీలు కల్పించిన కొత్త రాష్ట్ర చట్టం నేర న్యాయ అవసరాలుగానే గుర్తించింది కాబట్టి వాటికి ఖర్చు చేయడాన్ని మళ్లింపు అనలేము.

బెల్లెవ్యూ, పన్ను చెల్లింపుదారు: ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నకంటే ముందు, ప్రజల ఓటు లేకుండా ఈ పన్ను ఎందుకు వేశారో అడగాలి. పిల్లల కార్యక్రమాల లెవీకి (ఒక పనికోసమే వేసే ప్రత్యేక ఆస్తిపన్నుకు) 2015లోనూ 2021లోనూ, మానసిక సంక్షోభ చికిత్స కేంద్రాల లెవీకి 2023లోనూ ఓటర్ల అనుమతి తీసుకున్నారు. ఇక్కడ కౌన్సిల్ ఓటే సరిపోయింది. రాష్ట్రంలో జీతాలపై ఆదాయపు పన్ను లేనందున భారమంతా ఆస్తి మీదా కొనుగోళ్ల మీదా పడుతోంది. వండుకునే సరుకులకు మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ పిల్లల బూట్లకు లేదు. హెచ్-1బీ వీసాపై ఉన్న మనవాళ్లు ఓటు లేకుండానే రెండు పన్నులూ కడుతున్నారన్నది వేరే చర్చ, దాన్ని ఇక్కడికి లాగను.

కెంట్ నుంచి: ఓటు గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. అయితే ఖర్చు మాత్రం ఆగదు. డిఫెండర్ల మీద పడే కేసుల భారాన్ని తగ్గించాలని రాష్ట్ర సుప్రీంకోర్టు 2025లో ఆదేశించింది. పదేళ్లలో దశలవారీగా అమలయ్యే ఆ ప్రమాణాలకు మరింత మంది న్యాయవాదులు కావాలి. అరెస్టులు పెంచి డిఫెండర్లను పెంచకపోతే కేసులు కోర్టులోనే నిలిచిపోతాయి.

సమామిష్ నివాసి: ఒప్పందం సంగతి ఆ కోణంలో చూసినా నా వాదన పోదు. దొంగ బెల్లెవ్యూలో దొరికినా కెంట్‌లో దొరికినా తీవ్ర నేరమైతే కేసు నడిపేది కౌంటీ ప్రాసిక్యూటరే, కాబట్టి ఈ డబ్బు గురించి అడిగే హక్కు నగరాల వాళ్లకూ ఉంది. కర్క్‌లాండ్‌లో తెరిచిన సంక్షోభ చికిత్స కేంద్రాన్ని నేను వ్యతిరేకించను. మానసిక సంక్షోభంలో ఉన్న మనిషిని అక్కడ అప్పగించగలిగితే డెప్యూటీ త్వరగా గస్తీకి తిరిగి వెళ్లగలడు. కానీ దానికి ప్రత్యేక లెవీ ఉంది, డెప్యూటీలకు అలాంటిది లేదు. ఈ 0.1 శాతం రాబడిని విడి ఖాతాలో చూపి, ఖాళీ పోస్టుల భర్తీకి ఎంత, డిఫెండర్లకు ఎంత, బాధితుల సేవలకు ఎంత ఇచ్చారో ప్రతి త్రైమాసికానికీ ప్రకటించాలని కౌన్సిల్‌కు ఉమ్మడిగా రాద్దామంటే, బెల్లెవ్యూ మిత్రులు సంతకం చేస్తారా?

బెల్లెవ్యూ, పన్ను చెల్లింపుదారు: చేస్తాను. ఇకపై ఇలాంటి పన్నును ఓటుకు పెట్టాలన్న వాక్యం కూడా అందులో చేర్చండి.