సమస్యాపూరణం: "ఓడ గలుగువార లోడలేరు"

నిర్వాహకుడు, అనంతపురం

అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఫుట్‌బాల్ మీద. పోయిన ఆదివారం టవర్ క్లాక్ దగ్గర టీ తాగుతూ మన సభ్యులు ముగ్గురు గంటన్నర సేపు ఒకటే వాదన, బిల్బావో జట్టు అథ్లెటిక్ క్లబ్ ఈ కాలంలో రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలకు ఎదురు నిలబడగలదా అని. వినేవాళ్ళకు వింతగా ఉండొచ్చు గానీ మన ఊరికి స్పెయిన్ కొత్తది కాదు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికి వచ్చి 2009లో ఇక్కడే కన్నుమూశారు, ఆయన పెట్టిన ట్రస్టు మైదానాల్లో ఎన్నో పల్లెల పిల్లలు బంతి ఆడుతున్నారు, అందుకే అర్ధరాత్రి దాటాక లేచి స్పెయిన్ మ్యాచ్‌లు చూసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు.

సమస్య ఇది, ఆటవెలదిలో నాలుగో పాదం:

ఓడ గలుగువార లోడలేరు

పైపైన చదివితే "ఓడిపోగలిగినవాళ్ళు ఓడిపోలేరు" అని వస్తుంది, అర్థం లేని మాట. ముందు మూడు పాదాలు రాసి దానికి అర్థం తెప్పించండి. కొత్తవాళ్ళ కోసం: గణం అంటే లఘువులు (పొట్టి అక్షరాలు), గురువుల (పొడుగు అక్షరాలు) గుంపు. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, నాలుగో గణం మొదటి అక్షరానికి. ప్రాస అక్కర్లేదు.

గుంతకల్లు అన్న

నేను బిల్బావో అభిమానిని, దాచేదేమీ లేదు. మొదటి పూరణ నాదే.

పడవ మీద కప్పు పండుగ జరిపిరి
నలువదేండ్ల తృష్ణ నదిని తీరె
నెర్వియోను నీట నిండెను జెండాలు
ఓడ గలుగువార లోడలేరు

2024 ఏప్రిల్‌లో సెవిల్లెలో మయోర్కాను పెనాల్టీల్లో ఓడించి స్పెయిన్ నాకౌట్ కప్పు కోపా డెల్ రే గెలిచాక, బిల్బావోలో నెర్వియోన్ నది మీద గబార్రా అనే పాత పడవ ఎక్కి ఊరేగారు. అంతకుముందు ఆ పడవ కప్పుతో కదిలింది 1984లో. మధ్యలో ఒక తరం పిల్లలు ఆ పడవ కథ వింటూ పెరిగారు తప్ప కళ్ళతో చూడలేదు. నేను ఆ వీడియో చూసి ఏడ్చాను, ఇప్పుడు చూసినా అంతే.

కళ్యాణదుర్గం మాస్టారు

గణాలు సరిపోయాయి, యతులు సరిపోయాయి. నెర్వియోను–నిండెను దగ్గర ఎకార ఇకారాల మైత్రి కూడా సరే. ఒక సందేహం, అది సరుకులు మోసే పడవ కదా, గోదావరి వాళ్ళు పంటు అంటారు అట్లాంటిది. దాన్ని ఓడ అనొచ్చా? మొదటి పాదంలో పడవ అని చివర ఓడ అంటే రెండూ ఒకటే అని పాఠకుడు ఒప్పుకోవాలి. నేను ఒప్పుకుంటా, ఎందుకంటే ఊరంతా గట్టున నిలబడి ఎదురుచూసినప్పుడు ఎంత చిన్న పడవైనా ఓడే.

వ్యాకరణం సంగతి కూడా చెప్పాలి. 'ఓడు' క్రియ అయితే 'ఓడన్' అనే ద్రుతాంతం మీద సరళాదేశం జరిగి, పాత పద్ధతిలో అరసున్నతో 'ఓడఁగలుగు' అని రాయాలి. నౌక అనే అర్థంలో అయితే ప్రథమ మీది పరుషానికి గసడదవాదేశం, అరసున్న ఉండదు. ఇచ్చిన పాదంలో అరసున్న లేదు. నిక్కచ్చిగా పట్టుకుంటే గుంతకల్లు ఆయన తీసుకున్న అర్థమే సరైనది.

నిర్వాహకుడు, అనంతపురం

మాస్టారూ, ఇప్పుడు అరసున్నలు ఎవరూ రాయడం లేదు కాబట్టి రెండు అర్థాలూ అనుమతిస్తున్నా. అసలు ఈ పాదం కట్టింది ఆ రెండు అర్థాల కోసమే.

తాడిపత్రి అన్న

నేను మాడ్రిడ్ వైపు. గుంతకల్లు అన్నా, పద్యం బాగుంది, కానీ కప్పు వేరు లీగు వేరు. నాకౌట్‌లో కొన్ని మ్యాచ్‌లు కలిసొస్తే కప్పు వస్తుంది, లీగులో 38 మ్యాచ్‌లు నిలబడాలి. బిల్బావో లీగు గెలిచింది ఆఖరుసారి 1983–84లో. మాడ్రిడ్ ఆదాయం 2023–24లో 100 కోట్ల యూరోలు దాటింది, ప్రపంచంలో ఏ క్లబ్బూ అంతకుముందు అది చూడలేదు. ఇంత తేడా ఉన్నచోట పట్టుదల, సొంత పిల్లలు అంటూ ఎంతకాలం చెప్పుకుంటారు? నా పూరణ:

లీగు కప్పు రాక లెక్కకు నలుబది
ఏండ్లు దాటె నింక నేమి గొప్ప
పాత పడవ నెక్కి పలుకుదు రీరీతి
ఓడ గలుగువార లోడలేరు

కళ్యాణదుర్గం మాస్టారు

ప్రతిపక్షం వాళ్ళ నోట సమస్యను పలికించి దానికి ఎదురు తిరగడం పాత ఒడుపే, చక్కగా పట్టుకున్నారు. 'నలుబది' తర్వాత 'ఏండ్లు' విడిగా పడింది, 'నలుబదియేండ్లు' అని యడాగమం రావాలి. పాదం విరిగినచోట ఇట్లా వదిలేయడం ఇప్పుడు అందరూ చేస్తున్నారు గానీ నాకు చెవికి తగులుతుంది. 'పలుకుదు రీరీతి' దగ్గర పద్యం నడక బాగా తూగింది.

ఉరవకొండ టీచరమ్మ

తాడిపత్రి తమ్ముడూ, డబ్బు తేడా ఉందని ఎవరూ కాదనడం లేదు. ఆ తేడా తెలిసే వాళ్ళు ఆ దారి పట్టారు, అసలు సంగతి అక్కడుంది. బాస్క్ నేలలో పుట్టిన లేదా అక్కడే ఆట నేర్చుకున్న వాళ్ళనే తీసుకుంటారు, వందేళ్ళ పైబడి అదే పద్ధతి. ఏ దేశం నుంచి కావాలంటే ఆ దేశం నుంచి కొనుక్కునే జట్లతో, ఆ చిన్న ప్రాంతం పిల్లలతో ఆడుతున్నారు. అయినా 1929లో లీగు మొదలైన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా కింది డివిజన్‌కు పడలేదు. ఆ మాట మాడ్రిడ్, బార్సిలోనా, బిల్బావో ముగ్గురే చెప్పుకోగలరు. రెండు సంపన్న క్లబ్బుల పక్కన ఆ మూడో పేరు ఎట్లా నిలిచిందో ఆలోచించాలి.

కొనరు పొరుగువారి గోట్లను వెచ్చించి
సొంత బిడ్డలందు చూపు నిలిపి
ఓడి పోవు రోజు నొప్పుకొందురు గాన
ఓడ గలుగువార లోడలేరు

నేను క్రియార్థమే తీసుకున్నా. బయటివాళ్ళను కొంటే గెలుస్తామని తెలిసినా కొనకపోవడం అంటే, ఓడిపోయే రోజు వస్తే రానీ అని ముందే ఒప్పుకోవడం. ఓడిపోవడానికి సిద్ధపడినవాణ్ణి డబ్బుతో బెదిరించలేరు. పిల్లల పరీక్షల దగ్గర కూడా నేను చూసేది ఇదే, తప్పుతామేమో అన్న టెన్షన్ లేని పిల్లే బాగా రాస్తుంది.

కళ్యాణదుర్గం మాస్టారు

అమ్మా, ఇది సమస్య గుండెకాయను పట్టిన పూరణ. ఓడగలగడం అంటే ఓటమిని భరించే శక్తి అని చెప్పడంతో విరోధం దానంతటదే తొలగిపోయింది. 'సొంత–చూపు' యతి అడుగుతారేమో ఎవరైనా, స–చ మైత్రి ఉంది, సరే. 'కొనరు–గోట్లను' కూడా సరే. ఒక్కచోట మాత్రం ఒప్పుకోను. సమస్య అచ్చుతో మొదలవుతుంది, మూడో పాదం 'గాన' అని వాక్యం మధ్యలో ఆగింది, అప్పుడు 'గాన యోడ' అని రావాలి, సమస్య మారిపోతుంది. 'నొప్పుకొందురు వారు' అని వాక్యం ముగించండి, గణమూ మారదు, సంధి గొడవా ఉండదు.

ఉరవకొండ టీచరమ్మ

దిద్దుకున్నాను మాస్టారూ, 'వారు' అనే ఉంచుతాను. 'గాన' పోతే కారణం చెప్పే మాట పోయింది, కానీ పద్యం ఇంకా గట్టిపడిందనే అనిపిస్తోంది.

రాయదుర్గం సభ్యుడు

నాది ఇంగ్లండు లీగు. 2015–16లో లెస్టర్ సిటీ, సీజన్ మొదట్లో పందెం రేటు 5000కు 1.

ఐదువేల కొకటి యని పందె మొడ్డిరి
నక్క జట్టు గెల్చె నాడు లీగు
ఏడు వర్షములకె యిల జారె నా జట్టు
ఓడ గలుగువార లోడలేరు

లెస్టర్ వాళ్ళ గుర్తు నక్క. 2023లో కింది డివిజన్‌కు పడిపోయారు.

కళ్యాణదుర్గం మాస్టారు

ఐ–అ యతి వేయడం చూసి సంతోషించాను, ఈ మధ్య ఎవరూ వేయడం లేదు. మొదటి మూడు పాదాలు ఒక కథ చెప్పాయి, నాలుగోది ఆ కథలోంచి పుట్టలేదు. పడిపోయిన జట్టు గురించి చెప్పి 'ఓడలేరు' అంటే ఎందుకో చెప్పాలి కదా. ఇది పూరణ కాలేదు, అతుకు అయింది. మూడో పాదం మార్చి మళ్ళీ పంపండి.

తాడిపత్రి అన్న

లెస్టర్ సంగతి నా వాదానికే పనికొస్తుంది. గెలిచిన వెంటనే కాంటే చెల్సీకి పోయాడు, రెండేళ్ళకు మహ్రేజ్ మాంచెస్టర్ సిటీకి పోయాడు. చిన్న క్లబ్బు గెలిస్తే దాని ఆటగాళ్ళు పెద్ద క్లబ్బుల దుకాణంలో సరుకు అవుతారు. బిల్బావోకూ అదే జరిగింది, 2018లో ఒక్క ఏడాదిలోనే లపోర్త్ మాంచెస్టర్ సిటీకి, కేపా చెల్సీకి వెళ్ళారు. కేపాకు 8 కోట్ల యూరోలు వచ్చాయి, సరే, ఆ డబ్బుతో వాళ్ళు ఎవర్ని కొంటారు? వాళ్ళ నియమం ప్రకారం కొనడానికి మనుషులే లేరు కదా.

గుంతకల్లు అన్న

సరైన ప్రశ్నే అడిగావు తమ్ముడూ. డబ్బు వచ్చినా కొనడానికి మనుషులు లేరు, అందుకే వాళ్ళు లెజామాలోని తమ అకాడమీ పిల్లల మీద పెడతారు, ఉన్నవాళ్ళను నిలుపుకోవడానికి పెడతారు. నీకో మాట. 2025 వేసవిలో బిల్బావో ఆటగాడు నికో విలియమ్స్ బార్సిలోనాకు పోతాడని అందరూ అనుకున్నారు, నేనూ ఆశ వదులుకున్నా. 2035 దాకా బిల్బావోలోనే ఉంటానని సంతకం చేశాడు. వాళ్ళ అమ్మానాన్న ఘనా నుంచి సహారా ఎడారి దాటి వచ్చినవాళ్ళు. అన్న ఇన్యాకి వరుసగా 251 లీగు మ్యాచ్‌లు ఒక్కటీ మానకుండా ఆడాడు. నియమం అంటే రక్తం చూస్తారేమో అనుకునేవాణ్ణి, కాదు, ఆ మట్టిలో ఆట నేర్చుకుంటే చాలు.

ఇంకొకటి, 2015కు ముందు స్పెయిన్‌లో టీవీ హక్కులు ఏ క్లబ్బుకు ఆ క్లబ్బే అమ్ముకునేది, సింహభాగం రెండు క్లబ్బులకే పోయేది. ఆ ఏడు చట్టం మార్చి హక్కులన్నీ కలిపి అమ్మాక సగం డబ్బు అందరికీ సమంగా, మిగతా సగం ఫలితాలూ ఆదరణా చూసి పంచుతున్నారు. తేడా పోలేదు, కానీ ఊపిరాడుతోంది. 2024–25లో నాలుగో స్థానం వచ్చి ఛాంపియన్స్ లీగులో అడుగుపెట్టారు. లీగు గెలుస్తారా అంటే, నా జీవితకాలంలో చూస్తానో లేదో చెప్పలేను. చూడాలని ఉంది.

తాడిపత్రి అన్న

అదే ఏడు యూరోపా లీగు సెమీస్‌లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో రెండు మ్యాచ్‌లూ కలిపి 7–1తో పోయారు. ఫైనల్ బిల్బావో సొంత మైదానంలోనే, అయినా ఆడలేకపోయారు. అది కూడా రాయాలి అన్నా.

గుంతకల్లు అన్న

రాయాలి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, పొద్దున డ్యూటీకి అట్లనే పోయాను.

హిందూపురం అక్క

మీ ఇద్దరూ ఓడ అంటే బిల్బావో పడవనే చూస్తున్నారు. సొంత ఓడలుండేది అసలు ఎవరికి? క్లబ్బులు కొనే కోటీశ్వరులకు. నేను ఆ అర్థం తీసుకున్నా.

విల్లరియలు చూడు వెలిగిన చిన్నూరు
పదికి పైన నొకటి పట్టి గెలిచె
కల్ల యయ్యె నాడు కలవారి యీ మాట
ఓడ గలుగువార లోడలేరు

2021 యూరోపా లీగు ఫైనల్. 50 వేల జనాభా ఉన్న ఊరు, మన హిందూపురం కంటే చిన్నది, మాంచెస్టర్ యునైటెడ్‌ను పెనాల్టీల్లో 11–10తో గెలిచింది. చివరి పెనాల్టీ గోల్‌కీపర్లిద్దరూ కొట్టుకోవాల్సి వచ్చింది. విల్లరియలు కీపర్ రుల్లి గోలు కొట్టి, వెంటనే యునైటెడ్ కీపర్ డి హియా కొట్టింది ఆపాడు.

కళ్యాణదుర్గం మాస్టారు

మూడో అర్థం! కలవారి ధీమాను సమస్యగా చూపించి మూడో పాదంలో కల్ల చేశారు. వాక్యం 'యీ మాట' దగ్గర నిలిచింది, సంధి చిక్కు లేదు. 'పదికి పైన నొకటి' అంటే ఏమిటో మీరు కింద రాయకపోతే నాకు తెలిసేది కాదు, ఆ ఒక్కటే లోటు. స్పానిష్ వాళ్ళు ఆ ఊరి పేరును 'వియారెయాల్' అంటారని మా మనవడు చెప్పాడు. మన ఛందస్సుకు విల్లరియలు అనువుగా ఉంది కాబట్టి మీరు మార్చకండి.

ధర్మవరం తమ్ముడు

సార్ నాకు పద్యాలు రావు, రెండు నెలల నుంచి ఇక్కడ చదువుతున్నా. ఫెర్రర్ ట్రస్టు స్పోర్ట్స్ విలేజ్‌లో బంతి ఆడతాను. నిన్న మేము 4–1తో ఓడిపోయాం. బస్సులో వస్తూ రాశాను.

అనంతపురము ఎర్ర నేలపై ఆడుచు
చిరుగు బూట్లతోడ చెమట కార్చు
పల్లె పిల్లవాండ్ర పట్టుదలయె సాక్షి
ఓడ గలుగువార లోడలేరు

కళ్యాణదుర్గం మాస్టారు

నాయనా, రెండో పాదం, మూడో పాదం ఎవరూ వేలు పెట్టనక్కరలేదు. మొదటి పాదంలో మాత్రం చిక్కుంది. 'అనంత' అంటే లఘువు, గురువు, లఘువు. సూర్యగణం కావాలంటే మూడు లఘువులో, గురువు తర్వాత లఘువో ఉండాలి. మన ఊరి పేరుతో ఆటవెలది మొదలుపెట్టడం కుదరదు, నేనూ చిన్నప్పుడు ఇదే తప్పు చేశాను. పైగా 'పురము ఎర్ర', 'పై ఆడుచు' అని అచ్చులు విడివిడిగా పడ్డాయి. ఊరి పేరు తీసేసి ఆ ఎండనూ ఆ నేలనూ ఉంచు. పేరు లేకపోయినా చదివినవాడికి ఏ ఊరో తెలుస్తుంది.

తాడిపత్రి అన్న

తమ్ముడూ, ఎవరి మీద ఆడారు?

ధర్మవరం తమ్ముడు

బెంగళూరు అకాడమీ జట్టు అన్నా. వాళ్ళకు ఫిజియో ఉన్నాడు, వీడియో తీసేవాళ్ళున్నారు, ఒక్కొక్కరికి రెండు జతల బూట్లు. మొదటి గోలు మేమే కొట్టాం. వచ్చే నెల మళ్ళీ ఆడాలి వాళ్ళతో.

మాస్టారూ, ఇట్లా మార్చాను, చూడండి.

ఎర్ర నేల మీద నెండలో నాడుచు
చిరుగు బూట్లతోడ చెమట కార్చు
పల్లె పిల్లవాండ్ర పట్టుదలయె సాక్షి
ఓడ గలుగువార లోడలేరు

కళ్యాణదుర్గం మాస్టారు

ఎర్ర, నేల, మీద మూడూ సూర్యగణాలే. 'నెండలో' రగణం, 'నాడుచు' భగణం, రెండూ ఇంద్రగణాలే. ఎ–ఎ యతి కుదిరింది. తప్పేమీ లేదు.

తాడిపత్రి అన్న

వచ్చే నెల మ్యాచ్ ఏ రోజో చెప్పు తమ్ముడూ, నేనూ గుంతకల్లు అన్నా వస్తాం.