సేవ్ చేసిన పాస్‌వర్డ్ కొన్ని సైట్లలో ఎందుకు పనిచేయడం లేదు?

ప్రశ్న

నేను చాలా కాలంగా వెబ్‌సైట్ల పాస్‌వర్డ్‌లను బ్రౌజర్‌లోనే సేవ్ చేసుకుంటున్నాను. ఎక్కువ సైట్లలో ఏ ఇబ్బందీ రాదు గానీ, కొన్నింటితో మాత్రం విసుగెత్తిపోతోంది. ఒక సైట్‌లో లాగిన్ అయిన తరువాత పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అని బ్రౌజర్ అసలు అడగదు. మరొక సైట్‌లో పాస్‌వర్డ్ మార్చుకుని ఎన్నాళ్లయినా, గడిలో పాతదే వచ్చి కూర్చుంటుంది. ఇంకొక చోట యూజర్‌నేమ్‌ను ఒక పేజీలోనూ పాస్‌వర్డ్‌ను తరువాతి పేజీలోనూ అడుగుతారు. అక్కడ పాస్‌వర్డ్ ఒక్కటే సేవ్ అయి, అది ఏ ఖాతాకు చెందినదో తెలియకుండా పోతోంది. ఇది బ్రౌజర్ లోపమా, లేక సైట్లు తయారు చేసేవారి లోపమా? మన వైపు నుంచి చేయగలిగినది ఏమైనా ఉందా?

సమాధానం 1

లాగిన్ పేజీలు తయారు చేయడమే నా పని కాబట్టి చెబుతున్నాను: మీరు చెప్పినవాటిలో ఎక్కువ భాగం మా వైపు లోపాలే. లాగిన్ ఫారం ఎక్కడ ఉందో, అందులో యూజర్‌నేమ్ గడి ఏదో బ్రౌజర్‌కు ముందుగా తెలియదు. పాస్‌వర్డ్ రకం గడి కనిపిస్తే, దానికి ముందున్న గడిని యూజర్‌నేమ్‌గా ఊహించుకుంటుంది. ఈ ఊహతో పని లేకుండా చేయడానికే వెబ్‌పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో ఆటోకంప్లీట్ అనే గుణం ఉంది. దానికి 'యూజర్‌నేమ్', 'కరెంట్-పాస్‌వర్డ్', 'న్యూ-పాస్‌వర్డ్' అనే విలువలు ఇస్తే, ఏ గడిలో పాతది నింపాలో, ఏ గడిలోది కొత్తగా దాచుకోవాలో బ్రౌజర్‌కు స్పష్టంగా తెలుస్తుంది. పాస్‌వర్డ్ మార్చే పేజీలో పాతది, కొత్తది, మళ్లీ కొత్తది అని మూడు గడులు ఉన్నప్పుడు ఈ విలువలు లేకపోతే, దేనిని దాచుకోవాలో బ్రౌజర్ పొరబడే అవకాశం ఉంది. మీకు పాతదే తిరిగి రావడానికి కారణం బహుశా ఇదే.

రెండు పేజీల లాగిన్‌కు కూడా పరిష్కారం ఉంది. రెండో పేజీలో కూడా యూజర్‌నేమ్ గడిని, కంటికి కనిపించకుండానైనా సరే, ఫారంలో ఉంచితే బ్రౌజర్ రెండింటినీ జతగా దాచుకోగలదు. చాలామంది ఆ మాత్రం శ్రమ కూడా తీసుకోరు. ఇక బ్రౌజర్ అసలు అడగని సైట్ విషయానికి వస్తే, అక్కడ ఫారం మామూలు పద్ధతిలో కాక జావాస్క్రిప్ట్ (పేజీలోనే నడిచే ప్రోగ్రామ్) ద్వారా వెళ్తూ ఉండవచ్చు. పేజీ మారకపోవడం వల్ల లాగిన్ పూర్తయిందన్న సంకేతం బ్రౌజర్‌కు అందదు.

భద్రత పేరుతో కావాలనే ఆటోకంప్లీట్‌ను 'ఆఫ్' చేసే సైట్లు కూడా ఉన్నాయి. లాగిన్ గడుల విషయంలో ఈ ఆదేశాన్ని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11వ వెర్షన్ నుంచి, క్రోమ్ 34 నుంచి, ఫైర్‌ఫాక్స్ 38 నుంచి లెక్కచేయడం మానేశాయి. అందుకని కొందరు పాస్‌వర్డ్ గడిని మామూలు అక్షరాల గడిగా మార్చి చుక్కలు గీయించడం, పేస్ట్ చేయనివ్వకపోవడం వంటి మార్గాలు పట్టారు. పేస్ట్‌ను అనుమతించడమే మంచిదని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2017 నాటి మార్గదర్శకాలలోనే సూచించింది. పేస్ట్‌ను ఆపితే వాడేవారు చేతితో కొట్టగలిగినంత చిన్న, తేలికైన పాస్‌వర్డ్‌కే దిగుతారు. దీన్ని భద్రత అనడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

సమాధానం 2

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, బ్రౌజర్లను పూర్తిగా విడిచిపెట్టలేము. లాగిన్ నిజంగా సఫలమైందో లేదో తేలకముందే సేవ్ చేయాలా అని అడిగే సందర్భాలు ఉన్నాయి. తప్పుగా కొట్టిన పాస్‌వర్డ్ సరైనదాని స్థానంలోకి చేరిపోవడం అలాగే జరుగుతుంది. ఆ చిన్న పెట్టెలో యూజర్‌నేమ్‌ను, పాస్‌వర్డ్‌ను అక్కడికక్కడే సరిదిద్దుకునే వీలు క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ ఉంది. కాబట్టి ఒప్పుకునే ముందు ఒకసారి చూసుకోండి. రెండు పేజీల సైట్‌కు కూడా ఖాళీగా ఉన్న యూజర్‌నేమ్‌ను అక్కడే, లేదా సెట్టింగులలోని పాస్‌వర్డ్‌ల జాబితాలో, చేతితో చేర్చవచ్చు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ (సేవ్ చేసినవాటన్నిటికీ కలిపి వేసే ఒక తాళం) పెట్టుకోకపోతే, మీ కంప్యూటర్ ఖాతా తెరిచి ఉన్నప్పుడు ఎదుట కూర్చున్నవారు ఎవరైనా సేవ్ చేసినవన్నీ చదవగలిగే ప్రమాదం ఉంది. 2020కి ముందు దీనినే మాస్టర్ పాస్‌వర్డ్ అనేవారు. నలుగురు వాడే కంప్యూటర్‌లో అయితే అసలు సేవ్ చేయకపోవడమే ఉత్తమం.

సమాధానం 3

బ్రౌజర్ అడగని సైట్ గురించి ఒక్క మాట. సేవ్ చేయాలా అని అడిగినప్పుడు ఎప్పుడో 'నెవర్' (ఎప్పటికీ వద్దు) అనే మీట నొక్కి ఉంటే, ఆ సైట్ మినహాయింపుల జాబితాలో చేరిపోయి, ఆ తరువాత ప్రశ్నే రాదు. సెట్టింగులలో పాస్‌వర్డ్‌ల విభాగం తెరిచి, ఆ జాబితాలోంచి సైట్ పేరు తీసేసి చూడండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఆ సైట్ మినహాయింపుల జాబితాలోనే ఉంది. పేరు తీసేయగానే బ్రౌజర్ మళ్లీ అడిగింది. రెండు పేజీల సైట్‌కు యూజర్‌నేమ్‌ను చేతితో చేర్చాను, ఇప్పుడు రెండు గడులూ సరిగా నిండుతున్నాయి. అయితే ఇన్ని చిక్కులు ఉన్నప్పుడు, విడిగా ఉండే పాస్‌వర్డ్ మేనేజర్‌కు మారితే ఇవి తప్పుతాయా?

సమాధానం 2

పూర్తిగా తప్పవు. ఫారం సరిగా కట్టని చోట ఆ మేనేజర్లు కూడా ఊహించవలసిందే. రెండు మూడు వేరువేరు బ్రౌజర్లు వాడేవారికి మాత్రం మారడం వల్ల ప్రయోజనం ఉంది. మీరు మారదలిస్తే బ్రౌజర్ నుంచి పాస్‌వర్డ్‌లను సీఎస్‌వీ ఫైల్‌గా (కామాలతో విడదీసిన మామూలు అక్షరాల పట్టికగా) ఎగుమతి చేయవచ్చు. ఆ ఫైల్‌లో అన్నీ ఏ రక్షణా లేకుండా, చదవగలిగే అక్షరాలలోనే ఉంటాయి కాబట్టి, దానిని ఎవరికీ మెయిల్ చేయకండి, క్లౌడ్ ఫోల్డర్‌లో పెట్టకండి. కొత్తదానిలోకి చేర్చుకున్న వెంటనే తొలగించి, రీసైకిల్ బిన్‌ను కూడా ఖాళీ చేయండి. ఆ తరువాత బ్రౌజర్‌లో సేవ్ చేసే సదుపాయాన్ని ఆపివేయండి, లేకపోతే రెండూ ఒకే గడి కోసం పోటీపడి మళ్లీ పాత పాస్‌వర్డే ప్రత్యక్షమవుతుంది.