ఇంటర్వ్యూ అనగానే నోరు పెగలని వాళ్ళు ఎలా నెట్టుకొచ్చారు?

పర్లాకిమిడి_పిల్ల:
అందరికీ నమస్కారం. బ్యాంకు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) మెయిన్స్ గట్టెక్కాను, వచ్చే నెల భువనేశ్వర్‌లో ఇంటర్వ్యూ. రాతపరీక్షంటే నాకు ఎప్పుడూ భయం లేదు, కానీ నలుగురు ఎదురుగా కూర్చుని నా మొహంలోకి చూస్తే చాలు, నోరు పిడచకట్టుకుపోతుంది, చేతులు చల్లబడతాయి, బాగా తెలిసిన జవాబు కూడా ఎటో పోతుంది. చుట్టాలింటికి వెళ్ళినా వంటింట్లో దూరి కూర్చునే రకాన్ని. దానికి తోడు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కోచింగ్‌లో హిందీ, ఇంగ్లీషేమో పుస్తకంలో మాత్రమే. ఆ గదిలోకి వెళ్ళాక ఏ భాషలో నోరు తెరవాలో కూడా తేలడం లేదు. "ధైర్యంగా ఉండు" అని చెప్పడానికి మా ఇంట్లోనే బోలెడుమంది ఉన్నారు, అది తప్ప ఇంకేదైనా చెప్పండి.

జిమ్_జగ్గు:
సింపుల్. లోపలికి వెళ్ళేముందు బాత్రూమ్‌లో రెండు నిమిషాలు నడుం మీద చేతులు పెట్టుకుని ఛాతీ విరుచుకుని నిలబడు. హార్మోన్లు మారిపోతాయి, కాన్ఫిడెన్స్ దానంతటదే వస్తుంది. సైన్స్ ఇది.

రాయగడ_అక్క:
జగ్గూ, ఆ సైన్స్ పాతబడింది తమ్ముడూ. 2010లో వచ్చిన పరిశోధన అది. 2015లో వేరేవాళ్ళు ఎక్కువమందితో మళ్ళీ చేసి చూస్తే హార్మోన్లలో మార్పేమీ కనబడలేదు. మొదటి పరిశోధన రాసినవాళ్ళలో డేనా కార్నీ అనే ఆవిడే 2016లో, నాకిప్పుడు దానిమీద నమ్మకం లేదని బయటికే చెప్పేశారు. నిటారుగా నిలబడితే పోయేదేమీ లేదనుకో, దానిమీదే ఆశ పెట్టుకుంటేనే కష్టం.

చెల్లెమ్మా, నేను నర్సుని, ఒంటి సంగతి వరకు చెప్తాను. గుండె దడ, చెమట, నోరెండిపోవడం అన్నీ అడ్రినలిన్ పని. దాన్ని బలవంతంగా అణచబోతే ఇంకా పెరుగుతుంది. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదులు. పీల్చేదానికన్నా వదిలేది ఎక్కువసేపు ఉండాలి, అప్పుడే గుండె వేగం కాస్త తగ్గుతుంది. ఇది ఆ రోజే మొదలుపెడితే పనిచెయ్యదు, ఇవాళ్టి నుంచే రాత్రి పడుకునేముందు చేస్తూ ఉండు. పొద్దున్న ఒక టీ అలవాటైతే ఆ ఒక్కటి తాగు, బయట వెయిటింగ్‌లో కూర్చుని టీ మీద టీ మాత్రం వద్దు, దడ మీద ఇంకో దడ.

ఇంకొకటి. హార్వర్డ్‌లో పనిచేసే ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే ఆవిడ 2014లో రాసిన పరిశోధన ఉంది. స్పీచ్ ఇవ్వడానికో పాట పాడడానికో ముందు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ళకంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకే అన్నవాళ్ళు బాగా చేశారట. దడ ఎలాగూ ఆగదు, దానికి ఇంకో పేరు పెట్టమంటుంది ఆవిడ. నాకైతే ప్రశాంతత కంటే ఇదే కుదిరింది.

బరంపురం_బాబాయ్:
నేను టేబుల్‌కి అటువైపు చాలా ఏళ్ళు కూర్చున్నవాణ్ణమ్మా, ప్రైవేటు కంపెనీలోనే అనుకో. ఒక్క విషయం నమ్ము. నీ లోపల జరిగే భూకంపం మాకు అంత కనిపించదు. గొంతు కొంచెం వణికింది అనిపిస్తుంది, అంతే, తర్వాతి ప్రశ్నకి మేమే మర్చిపోతాం. ఇది నా మాట ఒక్కటే కాదు, 2003లో సవిట్‌స్కీ, గిలొవిచ్ అనే ఇద్దరు స్పీచ్ ఇచ్చే విద్యార్థుల మీద చేసి చూశారు. నీ కంగారు నువ్వు అనుకున్నంత బయటికి కనిపించదు అని ముందే చెప్పినవాళ్ళు చెప్పనివాళ్ళకంటే బాగా మాట్లాడారు. తెలుసుకోవడమే సగం మందు.

మాకు చిరాకు తెప్పించేది బిడియం కాదు. తెలియనిది తెలిసినట్టు అల్లేవాళ్ళు, ప్రశ్న పూర్తవకుండానే అందుకునేవాళ్ళు. సిగ్గరి పిల్లలు చాలామంది ప్రశ్న చివరిదాకా వింటారు, అది నీకు ప్లస్సే. తెలియకపోతే "తెలియదు సర్" అని చెప్పి ఊరుకో. సంజాయిషీ వద్దు.

మార్కుల సంగతి కూడా ఒకసారి చూసుకో. బ్యాంకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ వాళ్ళ పీఓలో ఇంటర్వ్యూ వంద మార్కులకి, ఫైనల్ మెరిట్‌లో మెయిన్స్‌కి 80, దీనికి 20. అంటే ఇంటర్వ్యూలో పది మార్కులు తగ్గితే ఫైనల్‌లో పోయేది రెండు. రెండు మార్కులకే లిస్టు తారుమారవుతుంది, నిజమే, కానీ నువ్వు మెయిన్స్‌లో కష్టపడి తెచ్చుకున్నది ఆ పదిహేను నిమిషాల్లో కొట్టుకుపోదు.

పలాస_పక్కోడు:
అసలు ఇంటర్వ్యూ లేని ఉద్యోగాలు చూసుకోవచ్చు కదా? కేంద్రంలో గ్రూప్ సి, గ్రూప్ డి, గ్రూప్ బిలో నాన్ గెజిటెడ్ పోస్టులకి 2016 జనవరి నుంచి ఇంటర్వ్యూలే తీసేశారు. రైల్వేలో క్లర్కు, స్టేషన్ మాస్టర్ లాంటి పోస్టుల ఎన్‌టీపీసీ పరీక్ష అయినా, ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పరీక్షలైనా ఇంటర్వ్యూ ఉండదు. బ్యాంకు క్లర్కుకీ లేదు, లోకల్ భాష పరీక్ష మాత్రం ఉంటుంది. నువ్వు ఒడియా మీడియం కాబట్టి మార్కుల లిస్టులో ఒడియా ఉంటే ఒడిశా పోస్టులకి అదీ తప్పుతుంది. ఆంధ్ర వైపున్న మా పాతపట్నం పిల్లలు ఏరు దాటితే పర్లాకిమిడే, అయినా తెలుగులో చదివినందుకు ఆ పరీక్ష దగ్గర ఇరుక్కుంటారు.

గుణుపూర్_పాసింజర్:
అన్నా, మెయిన్స్ పాసైన పిల్లకి చెప్పే మాటా ఇది?

పలాస_పక్కోడు:
పారిపొమ్మనలేదురా బాబూ, చేతిలో ఇంకో దారి ఉందని తెలిస్తే ఆ గదిలో కూడా భయం తగ్గుతుంది. నాకు అలాగే తగ్గింది. ఇదొక్కటే దిక్కు అనుకున్నన్నాళ్ళూ నోరు రాలేదు.

గుణుపూర్_పాసింజర్:
సరే, అలా అయితే ఒప్పుకుంటా. 

నా సంగతి చెప్తాను. నేను ఇంజినీరింగ్ క్యాంపస్ ఇంటర్వ్యూలకి జవాబులన్నీ మనసులోనే చదువుకుని వెళ్ళేవాణ్ణి, మనసులో ఇంగ్లీషు గడగడా వచ్చేది, అక్కడ మాత్రం నోరు కదిలేది కాదు. మా సీనియర్ ఒకడు చెప్పాడు, నీ నాలుక ఆ వాక్యాలు ఎప్పుడూ పలకలేదురా, మరి ఆ రోజు ఎలా పలుకుతుంది అని. అప్పట్నుంచి పైకి చెప్పడం మొదలుపెట్టాను. మేడ మీద, గేదెల పాక దగ్గర, ఎవరూ లేనప్పుడు. తర్వాత ఫోన్‌లో రికార్డు చేసి విన్నాను, మన గొంతు మనకే వినబుద్ధి కాదు, అయినా విను, ఎక్కడ నసుగుతున్నామో అప్పుడే తెలుస్తుంది.

రెండోది, అచ్చంగా మనలాంటి వాళ్ళకి. కొత్తవాళ్ళతో మాట్లాడ్డం ఇంటర్వ్యూ రోజే మొదలెడితే చచ్చినట్టే. నౌపడా వెళ్ళే పాసింజర్‌లో పక్క సీటు వాళ్ళని ఒడియాలో ఏదో ఒకటి అడిగేవాణ్ణి, ఈ బండి టెక్కలిలో ఆగుతుందా లాంటివి, సమాధానం నాకు తెలిసినా సరే. జిరాక్స్ షాపులో, టికెట్ కౌంటర్లో అమ్మని నాన్నని ముందుకి తొయ్యకుండా నువ్వే అడుగు. మొదట్లో ఒళ్ళంతా కంపరం. పోను పోను అలవాటైపోతుంది. సిగ్గు పోయిందా అంటే పోలేదు, ఇప్పటికీ పెళ్ళిళ్ళలో గోడవారనే ఉంటాను, ఉద్యోగం మాత్రం చేసుకుంటున్నాను.

పర్లాకిమిడి_పిల్ల:
బాబాయ్ గారూ, చాలా థాంక్స్, 80-20 తెలుసు కానీ అలా లెక్క వేసుకోలేదు. గుణుపూర్ అన్నా, జిరాక్స్ షాపు ఇవాళే మొదలు. మరి భాష సంగతి? మధ్యలో ఇంగ్లీషు ఆగిపోతే?

సిరోంచ_గోదారి:
మాది మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా, గోదావరి దాటితే కాళేశ్వరం. మా కథా మీ కథే, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఎదుటివాళ్ళు గబగబా మరాఠీలో అడిగితే నేను తలలో తెలుగులోకి మార్చుకుని, జవాబు తెలుగులో కట్టుకుని, మళ్ళీ మరాఠీలోకి తిప్పేసరికి వాళ్ళ మొహాలు మారిపోయేవి. ఆ నిశ్శబ్దం చూసి నేను ఇంకా బిగుసుకుపోయేదాన్ని. నాకు భయం మనుషులంటే అనుకునేదాన్ని, సగానికి సగం ఆ ఖాళీ అంటేనే.

కాబట్టి ఆ ఖాళీకి ఒక వాక్యం సిద్ధంగా పెట్టుకున్నాను. "ఒక్క క్షణం ఆలోచించి చెప్తాను సర్." దాన్ని ఇంగ్లీషులో, హిందీలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేంత నానబెట్టాను. అది అన్నాక మూడు నాలుగు సెకన్లు మౌనంగా ఉన్నా ఎవరూ ఏమీ అనుకోరు. ఇంగ్లీషు ఆగిపోతే "హిందీలో చెప్పవచ్చా సర్" అని అడుగు. బ్యాంకు ఇంటర్వ్యూల్లో హిందీలో కూడా చెప్పనిస్తారు. వాళ్ళు గ్రామర్ టీచర్లు కారు, రేపు కౌంటర్ దగ్గరికొచ్చే రైతుతో నువ్వు మాట్లాడగలవా లేదా అన్నది చూస్తారు. తెలుగు, ఒడియా, హిందీ మూడూ వచ్చిన ఆఫీసర్ సరిహద్దు బ్రాంచిలో ఎంత పనికొస్తుందో నువ్వే చెప్పు వాళ్ళకి.

కోరాపుట్_మాష్టారు:
అమ్మాయీ, బిడియస్తులకి మాట రాకపోవడం కాదు, చెప్పడానికి సరుకు లేకపోతేనే మరీ బిగుసుకుపోతారు. ఇష్టమైన విషయం దొరికితే ఆగరు, ముప్పై ఏళ్ళు క్లాసులో చూశాను. మొదటి ప్రశ్న ఎలాగూ "మీ గురించి చెప్పండి", తర్వాత "మీ ఊరి గురించి". ఆ రెండిటి దగ్గరే గట్టి సరుకు పెట్టుకో.

మీ ఊరికేం తక్కువ? మీ గజపతి జిల్లా 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడిపోయింది. పేరు కృష్ణచంద్ర గజపతి మహారాజుది, 1937లో ఒడిశాకి మొదటి ప్రధానమంత్రి ఆయనే, అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు. మహేంద్రగిరి కొండ ఉంది, కొమ్ముతో చేసే బొమ్మలున్నాయి. అన్నిటికంటే గిడుగు రామమూర్తి పంతులు గారు మీ ఊళ్ళోనే మాష్టారుగా పనిచేశారు, సవర గిరిజనుల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వేశారు. ఒడిశా బోర్డు ముందు ఒక తెలుగు పిల్ల సవర భాష గురించి రెండు నిమిషాలు చెబితే తర్వాతి ప్రశ్నలు అక్కడి నుంచే వస్తాయి. గిరిజన గ్రామాల్లో జన్‌ధన్ ఖాతాలు, స్వయం సహాయక సంఘాల వైపు నువ్వే తిప్పుకోవచ్చు. వాళ్ళు ఎటు లాగుతారో అని వణికే బదులు, నీకు తెలిసిన చోటికే వాళ్ళని తీసుకెళ్ళు.

అంతా బట్టీ మాత్రం పట్టకు. మొదటి రెండు వాక్యాలు బట్టీ పట్టు, మిగతాది పాయింట్లుగానే ఉంచుకో.

కొత్తగా_చేరా:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఫ్రెండ్ ఇంటర్వ్యూకి ముందు ప్రొప్రనలోల్ వేసుకుంటే వణుకు రాలేదన్నాడు. మెడికల్ షాపులో దొరుకుతుందా?

రాయగడ_అక్క:
అడిగావు, మంచిదే. గుండె వేగం తగ్గించే మందు అది. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ప్రమాదం, బీపీ తక్కువున్నా, గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్ళకైనా ఇబ్బందే. డాక్టరు చూసి రాయకుండా వేసుకోకు, ఫ్రెండ్ చెప్పాడని అసలే వద్దు.

ఇంకో మాట, ఇక్కడ చదివేవాళ్ళందరికీ. ఇంటర్వ్యూ అంటే బెరుకు అందరికీ ఉంటుంది. ఫోన్ ఎత్తాలన్నా, షాపుకి వెళ్ళాలన్నా, నలుగురిలో తినాలన్నా నెలల తరబడి భయమై చదువూ పనీ ఆగిపోతుంటే అది వట్టి సిగ్గు కాదు, దానికి వైద్యం ఉంది, మాటలతో చేసే థెరపీ బాగా పనిచేస్తుంది. 14416 టెలీ మానస్, గవర్నమెంటు వాళ్ళది, ఫ్రీ. ఫోన్‌లో మాట్లాడ్డమే భయం అంటారని తెలుసు, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని చెయ్యండి.

పర్లాకిమిడి_పిల్ల:
నాకు అంత లేదక్కా, బయట పనులు చేసుకుంటాను. మాష్టారూ, గిడుగు గారి విగ్రహానికి దండ వెయ్యడం చూశాను కానీ నిఘంటువు సంగతి తెలీదు, ఇవాళ కూర్చుని రాసుకుంటున్నాను. ఒక్క డౌట్, ముందురోజే భువనేశ్వర్ వెళ్ళాలా, లేక రాత్రి బస్సుకి వెళ్ళి పొద్దున్నే దిగితే చాలా?

బరంపురం_బాబాయ్:
ముందురోజే. నిద్ర లేని కళ్ళతో సగం భయం అదనంగా వస్తుంది. పలాస వెళ్ళి రైలెక్కు, మధ్యాహ్నానికి చేరిపోతే సాయంత్రం ఆ ఆఫీసు ఎక్కడుందో, గేటు ఎటో ఒకసారి చూసి రావచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు, కాల్ లెటరు విడివిడిగా ఫైల్లో పెట్టుకో, అక్కడ వెతుక్కుంటే వణికే చేతులు ఇంకా వణుకుతాయి.

ఆదివారం సాయంత్రం వీడియో కాల్ పెడదాం. నేనూ, మాష్టారూ, సిరోంచ అమ్మాయీ ముగ్గురం బోర్డుగా కూర్చుంటాం, జగ్గుని కూడా కూర్చోబెడదాం, ఏదో ఒక అడ్డదిడ్డం ప్రశ్న వేస్తాడు.

జిమ్_జగ్గు:
నేను రెడీ. ఛాతీ విరుచుకునే కూర్చుంటా.

పర్లాకిమిడి_పిల్ల:
ఆదివారం ఆరింటికి ఇక్కడ కరెంటు పోతూ ఉంటుంది, ఏడు గంటలకి పెట్టుకుందామా?