క్లాస్‌మేట్లను కలిపే యాప్: లాగిన్‌కి హాల్‌టికెట్ నంబరు సరిపోతుందా?

మెహదీపట్నం_డెవ్
జేఎన్‌టీయూహెచ్ అనుబంధ కాలేజీల కోసం ఆండ్రాయిడ్ యాప్ డిజైన్ చేస్తున్నాం. కొత్తగా చేరినవాళ్లు తమ సెక్షన్‌ని, ల్యాబ్ బ్యాచ్‌ని, ఒకే బస్సు రూట్లో వచ్చేవాళ్లని వెతుక్కోవడానికి. తెగనిది లాగిన్ ఒక్కటే. నేను హాల్‌టికెట్ నంబరు చాలంటాను. పది అక్షరాల్లోనే అన్నీ ఉన్నాయి: మొదటి రెండూ చేరిన సంవత్సరం, తర్వాత కాలేజీ కోడ్, 1ఏ అంటే రెగ్యులర్ బీటెక్, ఆపైన బ్రాంచి (05 సీఎస్‌ఈ, 04 ఈసీఈ), చివర రోల్. ఫారాలు నింపించకుండానే క్లాసు తయారవుతుంది. మీరేమంటారు?

హబ్సిగూడ_బ్యాకెండ్
ఒప్పుకోను అన్నా. ఆ నంబరు ఎక్కడ అడ్మిషన్ దొరికిందో చెబుతుంది, ఇప్పుడు ఏ క్లాసులో కూర్చుంటున్నారో చెప్పదు. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లో చేరేవాళ్లకు (లాటరల్) 1ఏ బదులు 5ఏ ఉంటుంది, సంవత్సరం కూడా క్లాస్‌మేట్లకన్నా ఒకటి ఎక్కువ. మొదటి రెండంకెలతో క్లాసు కడితే వాళ్లు సొంత క్లాసుకే కనిపించరు. డిటెయిన్ అయి, అంటే పై ఏడాదికి వెళ్లనివ్వక ఆపేస్తే, జూనియర్లతో కూర్చునేవాళ్లది దీనికి తలకిందులు, పాత నంబరే ఉంటుంది. సెక్షన్ ఏ, బీ అన్నది అందులో లేనే లేదు. రోల్ 99 దాటాక ఏ0, ఏ1 అని అక్షరాలొస్తాయి. చివరి రెండింటినీ అంకెలుగా చదివే కోడ్ అక్కడ ఆగిపోతుంది.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు, అది రహస్యం కాకపోవడం. సీటింగ్ లిస్టుల్లో గోడకు అతికిస్తారు. పక్కవాడి నంబరు కొట్టి పక్కవాడిలా లోపలికి రావచ్చు.

దిల్‌సుఖ్‌నగర్_యూఎక్స్
అయితే ఫోన్ ఓటీపీ పెట్టండి. అందరికీ అలవాటైనదే కదా.

హబ్సిగూడ_బ్యాకెండ్
ఓటీపీతో సిమ్ మీ చేతిలో ఉందని తేలుతుంది, మీరు ఆ క్లాసువాళ్లని తేలదు. ఖర్చూ ఉంది. యాప్‌ల కోసం గూగుల్ ఇచ్చే ఫైర్‌బేస్‌లో ఎస్‌ఎంఎస్ లాగిన్‌కి బిల్లింగ్ ఖాతా కావాలి. సొంత ఎస్‌ఎంఎస్ గేట్‌వే అయితే డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల ఎస్‌ఎంఎస్ రిజిస్ట్రేషన్ వ్యవస్థ) సంస్థను, హెడర్‌ను (పంపేవారి పేరు), మెసేజ్ టెంప్లేట్‌ను రిజిస్టర్ చేయాలి; టెంప్లేట్‌లో ఒక్క పదం తేడా ఉన్నా మెసేజ్ వెళ్లదు. విద్యార్థుల బృందం దగ్గర రిజిస్టరైన సంస్థ ఎక్కడుంటుంది?

తార్నాక_ప్రైవసీ
ఓటీపీ పెట్టినా పెట్టకపోయినా, నంబరు తోటివాళ్లకు కనిపించకూడదు. వాట్సాప్ గ్రూపులో చేరగానే అమ్మాయిల నంబర్లు అరవై మందికీ తెలిసిపోతున్నాయి. ఆ ఇబ్బంది తీర్చలేకపోతే కొత్త యాప్ ఎందుకండీ?

స్క్రీన్ మీద చూపించకపోతే దాచినట్టు కాదు. ఫైర్‌బేస్ డేటాబేస్ అయిన ఫైర్‌స్టోర్‌లో ఒక డాక్యుమెంటు (ఒక రికార్డు) చదవనిస్తే అందులోని ఫీల్డులన్నీ ఫోన్‌కి వెళ్లిపోతాయి, ఒక్క ఫీల్డును ఆపే రూల్ లేదు. పేరు, సెక్షన్ ఒక డాక్యుమెంటులో, ఫోన్ నంబరు యజమాని మాత్రమే చదవగలిగే ఇంకో డాక్యుమెంటులో పెట్టండి. బస్సు రూట్ కోసం లొకేషన్ పర్మిషన్ వద్దేవద్దు. ఉప్పల్, ఎల్బీనగర్, మియాపూర్ అని స్టాపుల జాబితా ఇచ్చి ఎంచుకోమంటే చాలు.

వయసు సంగతి కూడా చూడండి. ఫస్టియర్‌లో చాలామందికి 17 ఏళ్లే. 2023 డీపీడీపీ (వ్యక్తిగత డేటా రక్షణ) చట్టం లెక్కలో 18 నిండనివాళ్లు పిల్లలు. వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతిని ధ్రువీకరించుకోవాలి. అందుకే తీసుకునేదే తక్కువ తీసుకోండి.

కూకట్‌పల్లి_క్యూఏ
లాగిన్ గూగుల్ ఖాతాతో చేయించి, క్లాసులోకి రావడాన్ని వేరే మెట్టుగా పెట్టండి. సీఆర్ (క్లాసు ప్రతినిధి) క్లాసురూంలో తన ఫోన్‌లో క్యూఆర్ చూపిస్తారు, మిగతావాళ్లు స్కాన్ చేస్తారు. ఎవరో ఫొటో తీసి బయటికి పంపుతారు, అది ఖాయం. అందుకని కోడ్ 30 సెకన్లకోసారి మారాలి, గడువును సర్వర్ గడియారంతో చూడాలి. ఫోన్ టైముతో చూస్తే టైము వెనక్కి తిప్పి మోసం చేస్తారు. సెక్షన్ 60 మందిదైతే లాటరల్, డిటెయిన్ వాళ్లకు చోటుంచి 75 దగ్గర ఆపేయండి. హాల్‌టికెట్ నంబరు లేకపోయినా ఇది నడుస్తుంది. చివరి విడత కౌన్సెలింగ్‌లో చేరినవాళ్లకు నంబరు వచ్చేసరికి స్నేహాలన్నీ కుదిరిపోయి ఉంటాయి. యాప్ అవసరం దానికి ముందే.

మెహదీపట్నం_డెవ్
నంబరును లాగిన్ నుంచి తీసేస్తాను, ప్రొఫైల్‌లో ఐచ్ఛికంగా ఉంచుతాను. కానీ తాళం చెవి మొత్తం సీఆర్ చేతికివ్వడం నాకు నచ్చలేదు. సీఆర్‌కి పడనివాళ్లు బయటే ఉండిపోతారు. ఇప్పటికే లోపలున్న ముగ్గురు అవునంటే చేరేలా రెండో దారి కూడా ఉండాలి.

హబ్సిగూడ_బ్యాకెండ్
అది బాగుంది, కానీ ఆ ముగ్గురికి రోజుకో పరిమితి పెట్టండి. లేదంటే ఒక్క దొంగ ఖాతా వెనక పది వస్తాయి.

ఇంకోటి. క్లాసు జాబితాను మనిషికో డాక్యుమెంటుగా చదివితే 65 మందికి తెరిచిన ప్రతిసారీ 65 రీడ్లు (డాక్యుమెంటుకో రీడ్). ఫైర్‌స్టోర్ ఉచిత కోటా రోజుకు 50,000 రీడ్లు. 770 సార్లు తెరిస్తే అయిపోయింది, మధ్యాహ్నం లంచ్‌కే యాప్ ఖాళీగా కనిపిస్తుంది. పేర్ల వరకు సెక్షన్ మొత్తం ఒకే డాక్యుమెంటులో పెట్టండి, పరిమితి ఒక మెగాబైటు కాబట్టి చక్కగా పడుతుంది.

దిల్‌సుఖ్‌నగర్_యూఎక్స్
సీనియర్లు జూనియర్లను వెతికే వీలుంటుందా? పాత నోట్సు, ల్యాబ్ రికార్డుల కోసం ఉండాలని నా మాట.

తార్నాక_ప్రైవసీ
ఫస్టియర్‌కి వద్దు. ర్యాగింగ్ మీద యూజీసీ 2009లో రెగ్యులేషన్లు తెచ్చింది ఊరికే కాదు. పేరు, సెక్షన్, దిగే స్టాపు మూడూ ఒకేచోట సీనియర్ల చేతిలో పెడితే బస్సు దిగేచోట కాపు కాయమని మనమే చెప్పినట్టు. జూనియర్ సీనియర్‌ను వెతకవచ్చు, ముందుగా మెసేజ్ జూనియరే పంపాలి. బ్లాక్, రిపోర్ట్ బటన్లు మొదటి వెర్షన్‌లోనే ఉండాలి. ప్లే స్టోర్ ఎలాగూ అడుగుతుంది. నోట్సు కావాలంటే ఫైళ్లకు వేరే పేజీ పెట్టండి, దానికి మనిషి స్టాపుతో పనిలేదు.

దిల్‌సుఖ్‌నగర్_యూఎక్స్
స్టాపు సీనియర్లకు కనిపించకూడదన్నది ఒప్పుకుంటాను. ఫస్టియర్‌తో ఆగక కొత్తవాళ్లందరి పేర్లూ దాచేస్తే మాత్రం లాటరల్‌గా వచ్చినవాళ్లు పాత డిప్లొమా సీనియర్లకు దొరకరు. దానిమీద నాది వేరే అభిప్రాయమే.